మేస్త్రమ్మ తలస్నానం

మా అత్తగారిని "అత్తయ్యా" అని పిలిచేది నేనొక్కదాన్నే. మా ఆయన "అమ్మా" అంటాడు. మిగతా లోకానికంతటికీ ఆవిడ మేస్త్రమ్మ. ఇళ్ళకి రంగులేసే పనిలో ఒక ఆడమనిషి కిందివాళ్ళని పెట్టుకుని పని చేయించడం మొదలెట్టినప్పుడు ఏమని పిలవాలో ఎవరికీ తోచలేదట. "మేస్త్రీ" అంటే "నాకు మీసాలున్నాయా?" అనేదట. "అమ్మా" అంటే "నిన్ను నేనెప్పుడు కన్నాను?" అనేదట. ఎవడో తెలివైనవాడు రెండూ కలిపి మేస్త్రమ్మా అని పిలిచి బతికిపోయాడు. అప్పట్నుంచి అదే ఖాయమైంది.

ఆవిడ ప్రత్యేకత సీలింగులు. గోడలు ఎవరైనా వేస్తారు. తల వెనక్కి వాల్చి, చెయ్యి నెత్తి మీదికెత్తి, చుక్క కింద పడకుండా, రోలర్ గీత కనపడకుండా పైకప్పు వెయ్యడం అందరివల్లా అయ్యే పని కాదు. ఆవిడ జీవితమంతా ఆ పనిలోనే గడిచింది కాబట్టి ఎవరింటికెళ్ళినా ముందు పైకి చూస్తుంది. నా సంబంధం మాట్లాడ్డానికి మా పుట్టింటికొచ్చినప్పుడూ అంతే. నన్ను చూడకముందే మా హాల్ సీలింగ్ చూసి "ఆ మూల చెమ్మ దిగుతోంది, చూసుకోండి" అంది. మా నాన్న మొహం మాడిపోయింది. తర్వాత తీరిగ్గా నన్ను చూసి, "పిల్ల బావుంది. చెమ్మ లేదు" అంది. నాకు నవ్వాగలేదు. పెళ్ళి అలా కుదిరింది.

నేను ఫోన్ల కంపెనీలో కస్టమర్ కేర్‌లో పని చేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరెంత తిట్టినా "తప్పకుండా సార్, అర్థమైంది మేడమ్" అంటూ కూర్చుంటాను. ఇంటికొచ్చేసరికి నాలో ఉన్న మర్యాదంతా అడుగంటిపోతుంది. మా అత్తగారికి అది మొదట్నుంచీ లేదు. అందుకే మా ఇద్దరికీ పొత్తు కుదిరింది.

ఆవిడకి రెండు నియమాలున్నాయి. ఒకటి, మిగిలిన రంగు పారబొయ్యకూడదు. ఏ పనిలో ఏ రంగు మిగిలినా డబ్బా మా ఇంటికొస్తుంది, వచ్చినందుకు దేనికో దానికి పూస్తుంది. మా ఇంట్లో స్టూలుకి రంగు, చెత్తబుట్టకి రంగు, గ్యాస్ బండకి రంగు, నీళ్ళ పైపులకి రంగు. బాత్రూమ్ గోడలకైతే లెక్కే లేదు, చిన్న గది కాబట్టి మిగిలిన డబ్బాలన్నీ దానికే సరిపోతాయి. "ఈ ఇంట్లో కాసేపు కదలకుండా కూర్చుంటే మనిషికి కూడా ఓ కోటింగు పడుతుంది" అనేవాడట మా మామయ్య.

రెండో నియమం, రంగు వేసేముందు గోడకున్నవన్నీ విప్పెయ్యాలి. కొక్కేలు, తలుపు పిడులు, స్విచ్ ప్లేట్లు, మేకులు అన్నీ విప్పి ఒక డబ్బాలో వెయ్యాలి, ఆరాక మళ్ళీ బిగించాలి. "వాటి చుట్టూ బ్రష్ తిప్పి వదిలేసేవాడు పెయింటర్ కాదు, బద్ధకస్తుడు" అంటుంది. ఆ విప్పినవాటి కోసం ఒక పాత రంగు డబ్బా ఉంది మా ఇంట్లో. దాంట్లో ఏముందో దేవుడికి కూడా తెలియదు.

ఇంటినిండా ఇన్ని రంగులున్నా ఆవిడ జుట్టు మీద మాత్రం ఒక్క చుక్క పడేది కాదు. నడుం దాటిన జుట్టు. పనికెళ్ళేముందు ముడి వేసి, రెండు గుడ్డలు గట్టిగా చుట్టేది. ఇంటికి రాగానే గుడ్డలు విప్పి, జడ ముందుకేసుకుని, ఒకసారి తడిమి చూసుకునేది. తన గురించి ఏదీ గొప్పగా చెప్పుకోని మనిషికి అదొక్కటే గర్వం.

నిరుటి వానలప్పుడు కుడిభుజం బిగుసుకుపోయింది. చెయ్యి ఛాతీ దాకా వస్తుంది, ఆపైన రాదు. బలవంతంగా ఎత్తితే ప్రాణం పోయినట్టు అరుస్తుంది. "ఇన్నేళ్ళు పైకెత్తిన చెయ్యి కదండీ, అలిసిపోయింది. వస్తుంది, కానీ నిదానంగా వస్తుంది" అంది ఫిజియోథెరపీ అమ్మాయి. గోడ మీద వేళ్ళు పాకిస్తూ రోజూ కాస్త కాస్త పైకి తీసుకెళ్ళమంది. మేస్త్రమ్మ వెంటనే పెన్సిల్ పట్టుకుంది. వేలు ఎక్కడిదాకా వెళ్తే అక్కడ గోడ మీద గీత. "గోడతోనే పోయింది, గోడతోనే తెచ్చుకుంటా" అంది. చెయ్యి పోయినందుకు ఆవిడ భయపడలేదు. పనిలోకి మళ్ళీ వెళ్తాననే ధీమా ఆవిడకి ఒక్కరోజు కూడా సడల్లేదు.

చిక్కంతా తలస్నానం దగ్గరొచ్చింది. కుడిచెయ్యి తలదాకా రాదు. ఎడంచేత్తో మగ్గు ఎత్తి పోసుకుంటే సగం నీళ్ళు చెవిలోకి, సగం గోడకి. మగ్గు కింద పెట్టి అదే చేత్తో రుద్దుకుని, కళ్ళు మూసుకుని మళ్ళీ మగ్గు కోసం తడుముకోవాలి. మా నీళ్ళు ఉప్పునీళ్ళు, సబ్బు నురుగు రాదు, వచ్చిన కాస్తా వదలదు. జుట్టు చీపురుపుల్లల్లా తయారైంది. ఒకసారి అలా తడుముకుంటూ కాలు జారి తూలింది. ఆ రోజుతో మా ఆయన తల్లి మాట కూడా వినకుండా బాత్రూమ్ తలుపుకి గడియ పెట్టుకోవద్దని, కోడలు లోపలికొచ్చి నీళ్ళు పొయ్యాలని తీర్మానం చేసేశాడు.

నీళ్ళు పొయ్యడం నాకు కష్టం కాదు. కష్టమల్లా ఆవిణ్ణి చూడ్డం. అంత మాటకారి మనిషి టవల్ చుట్టుకుని ఆ స్టూలు మీద గోడవైపు తిరిగి కూర్చోగానే మూగదైపోయేది. నేను ఏదో ఒక కబురు చెప్పేదాన్ని. ఎవరో కస్టమర్ రిమోట్ పట్టుకుని ఫోన్ ఆన్ కావట్లేదని తిట్టాడంటే పడీపడీ నవ్వాల్సిన మనిషి, "ఊఁ" అనేది. అయిపోయాక "అయిందా?" అనేది. ఆ "అయిందా" వింటే నాకు ఏడుపొచ్చేది.

ఒక బుధవారం జుట్టు తుడుస్తుంటే, అద్దంలోకి కాకుండా నేలకేసి చూస్తూ అంది.

"అమ్మాయ్, ఆదివారం నీకు సెలవే కదా. ఈ జుట్టు కత్తిరించెయ్."

"చివర్లా అత్తయ్యా?"

"చివర్లేంటి? చెవుల దాకా. ఒక చెంబుడు నీళ్ళతో నేనే కడుక్కునేలా."

"మీకేమైనా మతిపోయిందా?"

"మతి బాగానే ఉంది. పసిపిల్లలకి ఒకరు నీళ్ళు పోస్తారు. మంచం పట్టినవాళ్ళకి పోస్తారు. నేను నిలబడే ఉన్నాను కదే! నువ్వు బంగారం లాంటి పిల్లవి, నీ మీద కోపం కాదు. నా ఒళ్ళు నేను కడుక్కోవాలి. జుట్టు పోతే పోనీ. తలుపు గడియ నేను పెట్టుకోవాలి."

ఇక మాట్లాడితే కంట తడి పెట్టేలా ఉంది. ఆవిడ ఏడిస్తే చూసే ధైర్యం నాకు లేదు. "సరే, ఆదివారం దాకా టైముంది కదా" అని తప్పుకున్నాను. తప్పుకుని ముందు చేసిన పని, ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క కత్తెరని పిండి డబ్బాలో దాచెయ్యడం.

తర్వాత కూర్చుని ఆలోచించాను. ఆవిడకి కావలసింది నీళ్ళు పోసే మనిషి కాదు, పైనుంచి వాటంతటవి పడే నీళ్ళు. నిలబడితే నెత్తి మీద జోరుగా పడాలి, ఎడంచెయ్యి రుద్దుకోడానికి ఖాళీగా ఉండాలి. మా బాత్రూమ్‌లో షవర్ లేకపోలేదు. కానీ దాన్ని షవర్ అంటే షవర్లు కోప్పడతాయి. మా మామయ్య దానికి ఏడుపు షవర్ అని పేరు పెట్టాడు. నాలుగు ధారలు నాలుగు దిక్కులకి, మధ్యలో మనిషి పొడిగా. ఆయన బస్సు కండక్టరు, రోజంతా జనంలో నలిగి, చెమటతో ఇంటికొచ్చి ఆ షవర్ కింద నిలబడి గొణిగేవాడట, "ఈ ఇంట్లో నీళ్ళక్కూడా నీరసమే" అని. దానికి మా అత్తగారి జవాబు ఎప్పుడూ ఒకటే. "పై వాటా. ట్యాంకు నెత్తి మీదే ఉంది. అంత దగ్గర్నుంచి జోరెక్కణ్ణుంచి వస్తుంది? ఊరికే నస పెట్టకు." ప్లంబర్ కూడా అదే మాటన్నాడు. దాంతో అది మా ఇంట్లో రాజ్యాంగమైపోయింది. ఆయన పోయేదాకా ఆ నస పెడుతూనే ఉన్నాడు, ఆవిడ తిడుతూనే ఉంది.

ఆఫీసులో నా పక్క సీటామె ఇంట్లో ఈమధ్యే కొత్తరకం షవర్ పెట్టించుకుంది. బెజ్జాలు సూదిమొనంత సన్నగా ఉంటాయట, అందుకని తక్కువ నీళ్ళు కూడా జోరుగా కొడతాయట. లోపల ఫిల్టర్ ఉంటుంది కాబట్టి ఉప్పునీళ్ళు కూడా జుట్టుని అంతగా పాడుచెయ్యవట. ఇంకేం, శుక్రవారం ఆఫీసు నుంచి నేరుగా శానిటరీ షాపుకెళ్ళి, షాపాయన చెవి తినేసి, అలాంటిదే ఒకటి తెచ్చాను.

మేస్త్రమ్మ దాన్ని పెట్టెలోంచి తీసి, పనికొచ్చిన కొత్త కుర్రాణ్ణి చూసినట్టు చూసింది. ఫిల్టర్ గొట్టం అద్దంలా ఉంది, లోపల తెల్లవి, బూడిదరంగువి చిన్న చిన్న గుళికలు.

"ఈ గోళీలు నీళ్ళని బాగుచేస్తాయా?"

"చేస్తాయట."

"అట అన్నావంటే నీకే నమ్మకం లేదు."

కానీ షవర్ మొహం తిప్పి బెజ్జాలు చూశాక ఆగిపోయింది. వేలితో తడిమింది. "స్ప్రే గన్ లాగే చేశాడే" అంది నెమ్మదిగా. "నోరు సన్నగా ఉంటేనే జోరు. ఇది పనిచేస్తుంది పిల్లా." ఆ సాయంత్రం గోడ మీద వేళ్ళు పాకిస్తూ కూనిరాగం తీసింది. ఆవిడ గొంతులో పాట విని ఎన్నాళ్ళైందో. నేను వంటింట్లో నిలబడి విన్నాను. అప్పుడే భయం కూడా వేసింది, ఇది గనక పనిచెయ్యకపోతే ఆ కత్తెర ఆపడం నావల్ల కాదని.

ఆదివారం పొద్దున మా ఆయన స్పానర్‌తో దిగాడు. ఆయన లిఫ్టు మెకానిక్. ఊళ్ళో ఎన్నో పెద్ద బిల్డింగుల లిఫ్టులు ఆయన చేతిమీదే నడుస్తాయి, కాబట్టి షవర్ బిగించడానికి ప్లంబర్ని పిలవడం ఆయనకి పరువు తక్కువ. పాతది విప్పాడు, కొత్తది బిగించాడు. మేస్త్రమ్మ జుట్టు విరబోసుకుని, టవల్ భుజాన వేసుకుని, గుమ్మంలో సిద్ధంగా నిలబడింది. చిన్నపిల్లలా ఉంది ఆవిడ మొహం.

"తిప్పు" అంది.

తిప్పాడు. కొత్త షవర్ రెండుసార్లు దగ్గింది. బొట్లు బొట్లుగా కారింది. గోళీల్లోంచి దూరి వచ్చేసరికి ఉన్న కాస్త జోరు కూడా పోయింది. పాతదైనా ఏడ్చేది, దీనికి ఏడవడానికి కూడా ఓపిక లేదు. పైగా బిగించిన చోట సన్నగా లీకు.

మేస్త్రమ్మ టవల్ సర్దుకుని, "కత్తెరేది?" అంది. అని, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. ముందు మా ఆయన మీద లేచాను, ఆయన బిక్కమొహం వేశాడు. తర్వాత షాపాయనకి ఫోన్ చేశాను. ఆయన ఎంతో శాంతంగా, "అర్థమైంది మేడమ్, కానీ మీ ఇంట్లో ప్రెషరే లేకపోతే షవర్ ఏం చేస్తుందండీ? ఇంకేమైనా సహాయం కావాలా?" అన్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. రోజూ నేను వాడే గొంతే. అవతలివాళ్ళకి ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసొచ్చింది.

"ముందు ఆ లీకు ఆపుదాం, మరలకి చుట్టే తెల్ల టేపు ఉందేమో చూడు" అన్నాడు మా ఆయన. ఉంటే ఆ పాత రంగు డబ్బాలోనే ఉండాలి. హాల్లో కాగితం పరిచి డబ్బా మొత్తం బోర్లించాను. కొక్కేలు, పిడులు, మూతలు, ఎవరింటివో స్విచ్ ప్లేట్లు, వంకర మేకులు. వాటి మధ్య ఇనుప చక్రం ఒకటి దొర్లుకుంటూ వెళ్ళి మా అత్తగారి కాలి దగ్గర పడింది.

ఆవిడ అప్పటికే హాల్లో స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో కత్తెర. కత్తెర నిండా పిండి. ఎక్కడ దాచినా ఆ వంటిల్లు ఆవిడదే కదా.

"ఇది దేని చక్రం అత్తయ్యా? పిడిలా లేదే" అన్నాను, కాసేపైనా ఆ కత్తెర మీంచి ఆవిడ ధ్యాస మళ్ళించాలని.

ఎడంచేత్తో తీసుకుని అటూ ఇటూ తిప్పింది. అరచేతిలో పట్టేంత చక్రం, చుట్టూ పట్టుకోడానికి గళ్ళు. అడుగున నీలం రంగు మరక. ఆవిడ వేలు ఆ మరక మీద ఆగింది. గోటితో గీకి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఈ నీలం మనింటిదే" అంది. "మనం ఈ ఇంట్లోకొచ్చిన కొత్తలో వేసింది."

తర్వాత ఎప్పట్లాగే తల పైకెత్తింది. ఈసారి సీలింగ్ కోసం కాదు. లేచి బాత్రూమ్‌లోకి వెళ్ళింది. ట్యాంకు నుంచి దిగే పైపు సీలింగ్ పక్కనుంచి గోడ వెంట వచ్చి షవర్ వైపు తిరుగుతుంది. ఆ తిరిగే చోటికి కాస్త ముందు పైపుకి ఒక బుడిపె ఉంది. గోడ రంగే పైపుకి, పైపు రంగే బుడిపెకి. నేను కాపురానికొచ్చినప్పట్నుంచీ రోజూ దాని కింద స్నానం చేస్తున్నాను. అది పైపు అతుకనుకున్నాను. మా ఆయన ఆ ఇంట్లోనే పెరిగాడు, ఆయనా అతుకనే అనుకున్నాడు.

మేస్త్రమ్మ చేతిలోని చక్రాన్నీ ఆ బుడిపెనీ మార్చి మార్చి చూసింది. మొహంలో రంగులు మారాయి.

"ఒరేయ్, నా నిచ్చెన తీసుకురా. లప్పం గీకే కత్తి కూడా."

"అమ్మా, నువ్వెక్కుతావా? చెయ్యి..."

"ఎడంచెయ్యి ఉందిగా. నువ్వు నిచ్చెన పట్టుకో చాలు."

భుజం పట్టేశాక ఆవిడ నిచ్చెన ఎక్కడం అదే మొదటిసారి. ఎక్కడమైతే నిన్న దిగినట్టే ఎక్కింది. ఎడంచేత్తో కత్తి ఆనించి బుడిపె మీద గీకింది. పెచ్చు లేచి నా భుజం మీద పడింది. మీగడరంగు.

"ఇది బ్యాంకు మేనేజరింట్లో మిగిలింది. నువ్వు కాపురానికొచ్చిన ఏడాది."

ఇంకో పెచ్చు. దాని కింద లేతాకుపచ్చ. ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "ఆస్పత్రి రంగు" అంది. మా మామయ్య ఆఖరిరోజుల్లో ఉన్న ఆస్పత్రి. ఆ నెలలోనే ఆవిడకి అక్కడ వార్డుల సీలింగ్ పని దొరికింది. పగలంతా పక్క వార్డులో నిచ్చెన మీద, సాయంత్రం ఆయన పక్కన స్టూలు మీద. "మీ మామయ్య, 'నువ్వేసిన సీలింగ్ కిందకి నా మంచం మార్పించవే, ఇక్కడ వీడు గీతలు గీతలుగా వేశాడు, చూడలేకపోతున్నా' అన్నాడు. మార్పించాను. దాన్ని చూస్తూనే పోయాడు." చెప్తూనే గీకుతోంది. మా ఆయన నిచ్చెన పట్టుకుని తల దించుకున్నాడు.

పసుపు వచ్చింది, అది మా ఆయన చదివిన బడిది. దాని కింద ముదురు గులాబీ. దానికి మేస్త్రమ్మ నిచ్చెన మీదే నవ్వేసింది. అంతకుముందు ఆవిడ పనిలో బ్రష్‌లు కడిగేదట, లప్పం కలిపేదట. తన పేరు మీద ఒప్పుకున్న మొదటి ఇల్లు ఆ గులాబీదట. ఇంటాయన రంగుల కార్డులో చూసి ఒప్పుకుని, గోడ మీద చూసి గుండెలు బాదుకున్నాడట. మిగిలిన డబ్బాలన్నీ ఇంటికొచ్చేశాయి. "మీ మామయ్య ఏడాది పాటు గులాబీరంగు బాత్రూమ్‌లో స్నానం చేసి, బస్సులో టికెట్లు కొట్టాడు. ఏమనేవాడు కాదు. ఆ షవర్ గురించి తప్ప."

అన్నిటికన్నా అడుగున నీలం. దాని కింద ఇత్తడి. ఇత్తడి మొండెం మీద చిన్న కాడ, చక్రం కోసం ఎదురుచూస్తున్నట్టు.

"వాల్వు" అన్నాడు మా ఆయన. "ఇక్కడ వాల్వుందా!"

మేస్త్రమ్మ నిచ్చెన మీద అలాగే కూర్చుంది. కొత్త ఇంట్లోకి వచ్చిన రోజులట అవి. తన ఇంటికి తాను వేసిన మొదటి గోడ ఈ బాత్రూమ్‌దే. తడి ఆరకముందే మామయ్య డ్యూటీ దిగొచ్చి, సరదాపడి షవర్ కింద నిలబడి, పాటలు పాడుతూ ట్యాంకు ఖాళీ చేశాడట. అప్పుడు షవర్ వానలా కురిసేది. నీళ్ళు చింది తన నీలం గోడంతా చారలు. ఆవిడకి ఒళ్ళు మండి నిచ్చెనెక్కి వాల్వు సగానికి పైగా మూసేసింది. గోడ మళ్ళీ వేసేటప్పుడు అలవాటు కొద్దీ చక్రం విప్పి డబ్బాలో పడేసింది, ఆరాక బిగిద్దామని. మర్నాడు పొద్దున్నే మేస్త్రీ ఎవరో పనికి పిలిచాడు. వెళ్ళిపోయింది. తర్వాత మీద మీద రంగులు పడి, కాడ కనపడకుండా పోయింది.

"మరి మామయ్య రోజూ..." అన్నాను.

"రోజూ చెప్పేవాడు. నేను రోజూ తిట్టేదాన్ని." ఆవిడ చక్రం లేని ఆ కాడని వేలితో తడిమింది. "నాకు తెలియదని కాదు పిల్లా, మర్చిపోయాను. మూసింది నేనేనని మర్చిపోయి, ట్యాంకు దగ్గరుందని నేనే నమ్మేసి, ఊరందరినీ నమ్మించాను."

ముక్కు చీది, కళ్ళు తుడుచుకుని, చెయ్యి చాపింది. "చక్రమివ్వు."

"అమ్మా, నేను తిప్పుతాను. ఇన్నేళ్ళు బిగుసుకుపోయింది, గట్టిగా తిప్పితే కాడ విరుగుతుంది. అప్పుడు మొత్తం నీళ్ళే రావు" అన్నాడు మా ఆయన.

"నేను మూశాను. నేనే తెరుస్తాను. ఎలా తిప్పాలో నువ్వు చెప్పు."

ఆయన నూనెచుక్కలు వేయించాడు. స్టూలెక్కి తల్లి చేతి మీద తన చెయ్యి వేశాడు. వెంట్రుకంత అటు, వెంట్రుకంత ఇటు, మళ్ళీ అటు అంటూ నెమ్మదిగా ఆడించారు ఇద్దరూ. కిర్రుమంది. రంగు పొడి రాలింది. ఇంకొంచెం. పైపు ఒక్కసారి వణికి, గోడలో ఏదో గుర్రుమంది. నేను నిచ్చెన పట్టుకుని సరిగ్గా షవర్ కింద నిలబడి ఉన్నాను. నెత్తి మీద బొట్లు పడుతూనే ఉన్నా, ట్యాప్ తెరిచే ఉందన్న సంగతి ముగ్గురికీ గుర్తులేదు.

నెత్తి మీద ఎవరో గులకరాళ్ళు పోసినట్టైంది. కెవ్వుమన్నాను. సన్నటి ధారలు, వందలు, ఎండకి కాగిన ట్యాంకు నీళ్ళు, వేడివేడిగా. క్షణంలో తడిసి ముద్దయ్యాను. పైన తల్లీకొడుకులు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నవ్వుతున్నారు. నేనూ నవ్వాను, ఏడ్చాను కూడా. నీళ్ళలో ఎవరికి తెలుస్తుంది?

మేస్త్రమ్మ దిగి, చెయ్యి చాపి ధారలకింద పెట్టింది. తర్వాత ఒక అడుగు ముందుకేసి కుడిభుజం పెట్టింది. కళ్ళు మూసుకుంది.

"ఇక ఇద్దరూ బయటికి నడవండి" అంది.

"అమ్మా, నీ కోడల్ని ఉండనీ, కాలు జారితే..."

"నడవమన్నానా?"

నడిచాం. వెనక తలుపు మూసుకుంది. తర్వాత గడియ పడింది. టక్కుమని ఆ చప్పుడు విని ఎన్ని నెలలైందో. మా ఆయన కంగారుపడి "గడియ పెట్టేసుకుంది!" అన్నాడు. "పెట్టుకోనివ్వండి" అన్నాను. నీళ్ళ జోరు తలుపు ఇవతలికి వినిపిస్తోంది. సబ్బు వాసన వచ్చింది. కాసేపటికి లోపల మాటలు.

"ఎవరితో మాట్లాడుతోంది?" అన్నాడు మా ఆయన.

నేను తలుపుకి చెవి ఆనించాను. "నువ్వు చెప్పిందే నిజమయ్యా" అంటోంది మేస్త్రమ్మ. "నీదే నిజం. నస పెడుతున్నావని నోరు మూయించాను కదా. వింటున్నావా? వానలా పడుతోంది." తర్వాత కూనిరాగం. ఆ పాట మామయ్యదని మా ఆయన మొహం చూస్తే తెలిసింది.

చాలాసేపైంది. నేను బట్టలు మార్చుకున్నాను, హాల్లో పరిచిన కొక్కేలన్నీ ఎత్తి డబ్బాలో పోశాను. పాట సాగుతూనే ఉంది. ఉన్నట్టుండి నీళ్ళ చప్పుడు సన్నబడి ఆగిపోయింది.

"ఏమైందిరా? నీళ్ళు రావడం లేదేం?" లోపల్నుంచి గొంతు.

"ట్యాంకు ఖాళీ చేశావమ్మా" అన్నాడు మా ఆయన.

ఒకప్పుడు ఆవిడ ఇదే తలుపు బాదుతూ మామయ్యతో అన్న మాటట అది. లోపల్నుంచి నవ్వు మొదలైంది. దగ్గొచ్చేదాకా నవ్వింది.

"అయితే మోటారెయ్యండి" అంది. "అమ్మాయ్, ఆ కత్తెర కడిగి దాని చోట్లో పెట్టెయ్. నా జుట్టు ఇంకా సగం కూడా కాలేదు."

నేను వెళ్ళి మోటారు వేశాను.